మాసికను చదివే కన్ను

వ్రాయడం ఒక విద్య. ఇతరులు వ్రాసినదాన్ని శ్రద్ధగా చదివి, లోపం ఎక్కడ ఉన్నదో చెప్పగలగడం మరొక విద్య. మొదటి విద్యకు మన కళాశాలల్లో పాఠ్యప్రణాళిక ఉన్నది, పరీక్ష ఉన్నది, మార్కులు ఉన్నవి. రెండవదానికి ఇవేవీ లేవు. ఈ లోటు వల్ల సాహిత్య విద్యార్థికి కలిగే నష్టం కొంత తక్కువ. కంప్యూటరు విద్యార్థికి కలిగే నష్టం చాలా ఎక్కువ. అతడు చదవకుండా ఆమోదించిన ఒక్క పంక్తి లక్షలాది ప్రజల ధనాన్నీ రహస్యాలనూ పరుల చేతిలో పెట్టవచ్చు. మేము తెలుగు బోధించేవారము. కంప్యూటరు శాస్త్రం మా వృత్తి కాదు. అయినా ఈ విషయాన్ని కళాశాల కమిటీ పెద్దల ముందూ, విద్యార్థినీ విద్యార్థుల ముందూ ఉంచడానికి సాహసిస్తున్నామంటే, ఒకరు వ్రాసినదాన్ని మరొకరు దిద్దడమనే పనిలోనే మా కాలమంతా గడుస్తున్నది గనుక.

నేడు మన విద్యార్థుల చూపులన్నీ నానక్‌రామ్‌గూడ వైపే. ఒకప్పుడు హైదరాబాదుకు పడమట, బండరాళ్ల నడుమ ఉండిన చిన్న గ్రామమది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ వైపు భూములకు దశ తిరిగింది. 2019 ఆగస్టులో అమెజాన్ సంస్థ ఇదే నానక్‌రామ్‌గూడలో, తొమ్మిదిన్నర ఎకరాల స్థలంలో, 15,000 మందికి పైగా పనిచేయగల భవనాన్ని తెరచింది. ఈ భవనాల్లో జరిగేదంతా కొత్త ప్రోగ్రాములు వ్రాయడమేనని బయటివారు అనుకొంటారు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మా పూర్వ విద్యార్థులు చెప్పే మాట వేరు. ఇతరులు వ్రాసిన సవరణలను చదవడంలో, తమ సవరణలను ఇతరులచేత చదివించుకోవడంలో వారి దినములో చాలా భాగం గడిచిపోతుందట.

ఆ సవరణకే ప్యాచ్ అని పేరు. ప్యాచ్ అంటే మాసిక. చిరిగిన బట్టకు మాసిక వేసినట్లు, నడుస్తున్న ప్రోగ్రాముకు వేసే అతుకు అది. తీసివేసిన పంక్తికి ముందు మైనస్ గుర్తు, చేర్చిన పంక్తికి ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. తాళపత్రాల కాలంలో లేఖకుడు వదలివేసిన అక్షరాన్ని చేర్చడానికి హంసపాదు పెట్టేవారు. ఆ హంసపాదుకూ ఈ ప్లస్ గుర్తుకూ పని ఒక్కటే. ‘ఆదిలోనే హంసపాదు’ అన్న నానుడిలో అది విఘ్నానికి పేరైంది గాని, నిజానికి అది దిద్దుబాటు గుర్తు. తేడా ఒక్కటే: తాళపత్రంలోని హంసపాదును దానిని చదివేవారే చూచేవారు, నేటి మాసిక దానిని ఎన్నడూ చూడనివారి బ్రతుకుల మీద కూడ పనిచేస్తుంది.

మాసికలన్నీ ఒకే తీరువి కావు. వాటిలో అత్యంత జాగ్రత్తగా చదువవలసిన ఒక తెగను మేము ఇక్కడ ఉదాహరణగా తీసికొంటున్నాము. కంప్యూటరులోని ఏ ప్రోగ్రామయినా బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే సాకెట్ అనే ద్వారం తెరవాలి. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో రూపొందిన వ్యవస్థతో ఈ పద్ధతి లోకంలో వ్యాపించింది. నేటికీ అదే నడుస్తున్నది. ఆ ద్వారం వద్ద కావలి నిలిపి, కొన్ని ప్రోగ్రాముల మాటలను మాత్రమే ఆపి చూడడం, లేదా దారి మళ్లించడం, లేదా నిరోధించడం ఒక పని. దీనిని ఎంపికచేసిన సాకెట్ల అడ్డగింపు అనవచ్చు.

ఈ పని స్వతహాగా చెడ్డది కాదు. బ్యాంకులో డబ్బు లెక్కలు చూచే ప్రోగ్రాము బ్యాంకు గడప దాటి మరెవరితోనూ మాట్లాడకుండా చూడడానికి ఇది కావాలి. రోగపూరితమైన ప్రోగ్రాము లోపలి సమాచారాన్ని బయటికి చేరవేయకుండా ఆపడానికి కావాలి. తన ఉనికిని దాచుకొనక తప్పని పత్రికా విలేఖరి తన సందేశాలను టార్ అనే మార్గంలోకి మళ్లించుకోవడానికీ కావాలి. అయితే ఇదే పనిముట్టుతో ఉద్యోగి ఉత్తరాలను యజమాని చదువవచ్చు, పౌరుని మాటలను ఆజ్ఞ లేకుండానే అధికారి వినవచ్చు, దొంగ అందరినీ దోచవచ్చు. కత్తి ఒక్కటే, వైద్యుని చేతిలోనిదా, మరొకరి చేతిలోనిదా అన్నది మాసికలోని పంక్తులను చదివితే గాని తెలియదు.

అడ్డగింపును మూడు చోట్ల జరుపవచ్చునని మా పూర్వ విద్యార్థులు వివరించారు. ప్రోగ్రాము వాడుకొనే లైబ్రరీలో జరుపవచ్చు. ఇది తేలిక, కాని లైబ్రరీతో నిమిత్తం లేకుండా కెర్నెల్‌ను నేరుగా పిలిచే ప్రోగ్రాములు ఈ కావలిని దాటిపోతాయి. గో భాషలో వ్రాసిన అనేక ప్రోగ్రాములు అటువంటివే. రెండవది, ప్రోగ్రాముకూ కెర్నెల్‌కూ మధ్య గల గుమ్మం వద్ద జరుపవచ్చు. మూడవది, కెర్నెల్ గర్భంలోనే జరుపవచ్చు. లినక్స్ కెర్నెల్‌లో 2001 నాటి 2.4 విడుదలతో నెట్‌ఫిల్టర్ అనే ఏర్పాటు వచ్చింది. 2018లో వచ్చిన 4.17 విడుదల నుండి ఒక గుంపు ప్రోగ్రాములకు మాత్రమే వర్తించేటట్లు, వారు ఎవరితో కలుస్తున్నారన్నది ఆ కలిసే క్షణంలోనే పరీక్షించి చిరునామాను మార్చే వీలు కలిగింది.

ఇటువంటి మాసిక చేతికి వచ్చినప్పుడు చదివేవాడు అడగవలసిన ప్రశ్నలు ఏవి? మాకు అర్థమైనంతవరకు అవి నాలుగు.

మొదటిది: ఎంపిక ఏ గుర్తుతో జరుగుతున్నది? ప్రోగ్రాము పేరును చూచి ఎంచుకొంటే, పేరు మార్చుకోవడం ఎవరికైనా నిమిషంలో పని. వేషం చూచి మనిషిని పోల్చుకొన్నట్లే అది.

రెండవది: ఏది మరచిపోయినారు? పాత తరహా చిరునామాలను ఆపి ఐపీవీ6 చిరునామాలను వదలివేసిన మాసికలు కొల్లలు. టీసీపీని ఆపి యూడీపీని వదలివేస్తారు. మాటలను ఆపి, ఆ మాటలు ఎవరితో జరుగుతున్నవో చెప్పే పేర్ల విచారణను, అనగా డీఎన్ఎస్ ప్రశ్నను, వదలివేస్తారు. కావలివాడు రాకముందే తెరచి ఉన్న ద్వారాల సంగతి ఏమి? ఒక ప్రోగ్రాము తెరచిన సాకెట్‌ను మరొక ప్రోగ్రాముకు అప్పగించే పద్ధతి కూడ ఉన్నది. అప్పుడు ఎవరి పేర లెక్కించాలి?

మూడవది: చూచినదీ జరిగినదీ ఒక్కటేనా? ఇది సూక్ష్మమైన ప్రశ్న. కావలివాడు చీటీ మీది చిరునామాను చదివి, సరేనని, చీటీని బల్లమీద పెట్టినాడనుకొందాం. లోపలి గుమాస్తా వచ్చి దానిని తీసికొనేలోగా మరొక చేయి చిరునామాను మార్చివేస్తే? కావలివాడు ఆమోదించినది ఒకటి, పోయినది మరొకటి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టాల్ గార్ఫింకెల్ 2003లోనే ఇటువంటి ఉచ్చుల గురించి హెచ్చరించినాడు. 2007లో కేంబ్రిడ్జికి చెందిన రాబర్ట్ వాట్సన్, గుమ్మం వద్ద కాపలా కాచే ప్రోగ్రాములు ఈ ఉపాయానికి ఎట్లు లోబడిపోతాయో చేసి చూపించినాడు. కావలి ఉన్నదన్న ధైర్యం, కావలి లేకపోవడంకంటె ప్రమాదకరమని దీనివల్ల తెలుస్తున్నది.

నాలుగవది: కావలివాడే పడిపోతే ఏమి జరుగుతుంది? ద్వారం తెరచి ఉండిపోతుందా, మూసుకొనిపోతుందా? బ్యాంకుకు మూసుకొనడం మేలు. ఆసుపత్రిలో రోగి నాడిని కొలిచే యంత్రానికి మూసుకొనడం ప్రాణాంతకం. ఈ నిర్ణయం యంత్రం చేసేది కాదు. మాసిక వ్రాసినవాడు ఒక పంక్తిలో చేసివేస్తాడు, తరచు ఆలోచించకుండానే. ఆ నష్టం ఎవరి మీద పడుతుందని అడగవలసినవాడు దానిని చదివేవాడే.

ఈ ప్రశ్నలు అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఊహలతో పనిలేదు. ఎక్స్‌జెడ్ అనేది సమాచారాన్ని కుదించి చిన్నది చేసే ఒక ప్రోగ్రాము. దానిని ఏళ్ల తరబడి ప్రతిఫలం లేకుండా దాదాపు ఒంటరిగా కాపాడుతూ వచ్చినవాడు ఒకడు ఉండేవాడు. జియా టాన్ అనే పేరుతో మరొకడు 2021 నుండి సహాయకుడుగా చేరి, మంచి మాసికలు పంపి, నమ్మకం సంపాదించినాడు. పనిభారంతో అలసిన పెద్దవానిపై, ఇతరులకు అధికారం అప్పగించవలసిందంటూ కొన్ని గొంతుకలు ఒత్తిడి తెచ్చినవి. చివరకు అధికారం చేతికి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 విడుదలల్లో అతడు దొంగగుమ్మం పెట్టినాడు. దూరం నుండి సర్వర్లలోకి ప్రవేశించేవారి తాళపుచెవిని పరీక్షించే పనిని అది మధ్యలో అడ్డగిస్తుంది. అందరికీ ద్వారం ఎప్పటివలెనే తెరుచుకొంటుంది. ఒక రహస్యపు తాళపుచెవి గలవాడు వచ్చినప్పుడు మాత్రం అతడు ఏమి ఆజ్ఞాపిస్తే అది జరిగిపోతుంది. ఎంపికచేసిన అడ్డగింపునకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

దానిని పట్టుకొన్నది ఏ సంఘమూ కాదు, ఏ తనిఖీ విభాగమూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మరేదో పని చేసికొంటూ, ప్రవేశానికి మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించినాడు. ‘ఎందుకు?’ అని ఆగినాడు. తవ్వి చూచినాడు. 2024 మార్చి 29న లోకానికి చెప్పినాడు. ఆ విడుదలలు ప్రధాన వ్యవస్థల స్థిరమైన రూపాల్లోకి ఇంకా చేరలేదు గనుక పెద్ద అనర్థం తప్పింది. అర సెకనును ఉపేక్షించని ఒక్క మనిషివల్ల తప్పిన అనర్థమిది.

మరొక ఉదాహరణ. 2003 నవంబరులో లినక్స్ కెర్నెల్ నకలు ప్రతి ఒకదానిలోకి ఎవరో రెండు పంక్తులు చొప్పించినారు. వాడుకదారు సర్వాధికారియా అని పోల్చి చూచే వాక్యంలాగ అది కనిపిస్తుంది. పోల్చడానికి రెండు సమాన చిహ్నాలు వేయాలి. అక్కడ ఒక్కటే ఉన్నది. ఒక్కటే ఉంటే అర్థం పోల్చుమని కాదు, సర్వాధికారిని చేయుమని. మన భాషలో ఒక దీర్ఘం లోపిస్తే ‘పాలు’ ‘పలు’ అయినట్లే, అక్కడ ఒక చిహ్నం లోపిస్తే ప్రశ్న వరమైపోయింది. అసలు ప్రతితో నకలు సరిపోలలేదని గమనించి వెంటనే తొలగించినారు.

మూడవది అప్రమత్తత లోపించిన కథ. ఇంటర్నెట్టు సంభాషణలను రహస్యంగా ఉంచే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములోకి 2011 డిసెంబరు 31 రాత్రి ఒక మాసిక చేరింది. వ్రాసినవానికి దురుద్దేశం లేదు. చదివినవాడు ఒక్కడే. అడిగినంత పొడవు నిజంగా ఉన్నదా అని సరిచూచే ఒక చిన్న పరీక్షను ఇద్దరూ మరచిపోయినారు. ఆ లోపం 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ పేరుతో బయటపడేవరకు, అనగా రెండేళ్లకు పైగా, సర్వర్ల జ్ఞాపకంలోని రహస్యాలు అడిగినవారికి దొరికే స్థితిలో ఉండినవి. లోకంలో ఎవరైనా చదువగల కోడ్ అది. చదువగల కళ్లు కోట్లు. చదివిన కళ్లు రెండు జతలు.

అడ్డగింపును సమీక్షించాలన్న సూత్రం మన దేశపు న్యాయవ్యవస్థకు కొత్తది కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారంతో ప్రభుత్వాలు టెలిఫోన్లను వింటున్న విషయమై పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉన్నతాధికారి లిఖితపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వాలి, రెండు నెలల లోపల సమీక్షా సంఘం దానిని పరిశీలించాలి అని నియమాలు పెట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరులో దాని క్రింద అడ్డగింపు నియమాలు వచ్చినవి. ఆజ్ఞ ఇచ్చేవారూ, దానిని సమీక్షించేవారూ ప్రభుత్వాధికారులే కావడం ఈ ఏర్పాటులోని బలహీనత అని మా అభిప్రాయం. 2024 మార్చిలో హైదరాబాదులో ఫోన్ల అడ్డగింపుపై నమోదైన కేసు ఈ ప్రశ్న ఢిల్లీకి మాత్రమే పరిమితం కాదని మనకు గుర్తుచేసింది. దోషులెవరన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. మేము చెప్పదలచినది ఇంతే: కాగితం మీది ఆజ్ఞను సమీక్షించడానికి సంఘం ఉన్నది, ఆ ఆజ్ఞను అమలు జరిపే కోడ్‌ను సమీక్షించేవాడు నానక్‌రామ్‌గూడలో ఒక బల్ల ముందు కూర్చున్న ఇరవై నాలుగేళ్ల యువకుడో యువతియో. న్యాయమూర్తి చేసే పనికి దగ్గరగా ఉన్న పని వారి చేతికి వచ్చింది. వారిని ఆ పనికి మనం సిద్ధపరచినామా?

లేదని చెప్పక తప్పదు. ఎల్‌జీటీఎం అనే నాలుగు ఆంగ్లాక్షరాలు అక్కడ మిక్కిలి వాడుకలో ఉన్నవి. ‘నాకు బాగానే కనిపిస్తున్నది’ అని వాటి అర్థం. చదివినవారూ అవే వ్రాస్తారు, చదువనివారూ అవే వ్రాస్తారు. మన విద్యార్థులు, ముఖ్యంగా తమ కుటుంబంలో మొదటిసారి ఇటువంటి కొలువులో చేరినవారు, ఆ నాలుగక్షరాలను ఎక్కువగా ఆశ్రయిస్తున్నారని వింటున్నాము. తెలివి లేక కాదు. పెద్దవారు వ్రాసినదానిలో తప్పు చూపితే ఏమనుకొంటారో అన్న జంకు. తమ ఇంగ్లీషు చూచి నవ్వుతారేమో అన్న భయం. పెద్దల మాట చద్దిమూట అని తెలుగు ఇండ్లలో నేర్పినాము. ‘జీ హుజూర్’ అని ఉర్దూ ఇండ్లలో నేర్పినాము. ప్రశ్నించడం అమర్యాద కాదని మాత్రం ఎక్కడా నేర్పలేదు.

అయితే మన సంప్రదాయంలో అది లేనిదేమీ కాదు. ఉర్దూ కవిత్వంలో ఇస్లాహ్ పద్ధతి ఉన్నది. శిష్యుడు గజల్ వ్రాసి ఉస్తాదుకు పంపుతాడు. ఉస్తాదు మాట కొట్టివేసి పైన మరొక మాట వ్రాస్తాడు. నచ్చిన షేర్ పక్కన ‘స్వాద్’ అక్షరం పెడతాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాదుగా హైదరాబాదులో నివసించి 1905లో ఇక్కడే కన్నుమూసిన దాగ్ దెహ్లవీకి, దేశం నలుమూలల నుండి తపాలాలో గజళ్లు వచ్చేవి. యువకుడైన ఇక్బాల్ పంపినవి కూడ వాటిలో ఉన్నవి. నేటికీ లినక్స్ కెర్నెల్ మాసికలు అట్లే ఉత్తరాల రూపంలో పోతాయి, దిద్దుబాట్లతో తిరిగి వస్తాయి. రాజైనా సరే, ఉస్తాదు ముందు దిద్దించుకొనే శిష్యుడే. ఇక తెలుగు అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుని చూడండి. అవధాని నోట రాబోయే అక్షరాన్ని ఊహించి ఆపుతాడు. అదీ ఎంపికచేసిన అడ్డగింపే. కాని నిండు సభలో, అందరూ వింటూ ఉండగా ఆపుతాడు. అడ్డగింపు న్యాయమైనదా కాదా అని తెలిసికొనడానికి ఇదొక మంచి కొలమానం: సభ ముందు చెప్పి చేయగలరా?

కావున కమిటీ పెద్దలకు మా మనవి. వారానికి ఒక్క గంటను పఠన పరీక్షకు కేటాయించండి. కొత్త భవనం అక్కరలేదు, విరాళం అక్కరలేదు. లినక్స్ కెర్నెల్ మాసికలూ, వాటిపై దశాబ్దాలుగా సాగిన చర్చలూ బహిరంగంగా, ఉచితంగా లభిస్తున్నవి. ఒక మాసికను తీసికొని పదిమంది విద్యార్థులు కూర్చొని చదవాలి. మొదట తెలుగులోనో ఉర్దూలోనో నోటితో చర్చించాలి. ఆలోచనకు మాతృభాషను మించిన పనిముట్టు లేదు. తరువాత దానిని నాలుగు చక్కని ఇంగ్లీషు వాక్యాల్లో వ్రాయాలి. ఆ వాక్యాలు దిద్దడానికి భాషాశాఖల వారము మేమున్నాము. తప్పు కనిపెట్టినవానికి ప్రోగ్రాము వ్రాసినవానితో సమానంగా మార్కులివ్వాలి. అధ్యాపకుడు వ్రాసినదానినీ ఆ బల్లమీద పెట్టాలి. అప్పుడే జంకు తీరుతుంది.

దీనికి కొందరు అభ్యంతరాలు చెప్పవచ్చు. ముందు ఉద్యోగం రానివ్వండి, నీతి తరువాత నేర్చుకొంటారని ఒకటి. మేము చెబుతున్నది నీతిపాఠం కాదు, వృత్తివిద్య. చదువగలిగినవానికే ఉద్యోగం నిలుస్తుంది. లోపాలు పట్టడానికి యంత్రపు పరీక్షలు ఉన్నవి గదా అని మరొకటి. ఎక్స్‌జెడ్‌లో దొంగగుమ్మం దాగినది పరీక్షల కోసమని ఉంచిన ఫైళ్లలోనే అన్న సంగతి వారు గమనించాలి. ఇప్పుడు కోడ్ కూడ యంత్రమే వ్రాస్తున్నది గదా అని మూడవది. నిజమే. అందువల్లనే ఈ విద్య అవసరం ఇంకా పెరిగింది. వ్రాసేది యంత్రమైనప్పుడు మనిషికి మిగిలిన పని చదవడమే, బాధ్యత వహించడమే.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు రేపు నానక్‌రామ్‌గూడ గడప తొక్కుతారు. మీ చేతికి ఒక మాసిక వస్తుంది. తొందరగా కానివ్వండి అని పైనుండి మాట వస్తుంది. ‘స్వాద్’ పెట్టడం తేలిక. కాని ఆ మాసిక ఎవరి ద్వారం వద్ద కావలి నిలుపుతున్నదో, ఎవరిని వదలుతున్నదో, విఫలమైనప్పుడు ఎవరి మీద పడుతుందో మీకు అర్థమయ్యేవరకు చేయి ఆపండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని మర్యాదగా, స్పష్టంగా వ్రాయండి. మీరు పుట్టిన వీధిలో, ఫోనులో బ్యాంకు లెక్క చూచుకొనే కూరగాయల వ్యాపారికి మీ పేరు ఎన్నడూ తెలియదు. అయినా అతని సొమ్ముకూ మాటకూ మీరు కావలివారు. ఆ బాధ్యతను మీరు నెరవేర్చగలరని మాకు పూర్తి విశ్వాసం ఉన్నది.